కొలబద్దనే కొలిచిన అధికారిణి

1989 జూన్ పన్నెండో తేదీ ఉదయం పోలీసు నియామక కార్యాలయంలో కనిష్ఠ సహాయకురాలిగా చేరిన మా సూపరింటెండెంటు గారు, ముప్పై ఆరేళ్ళ నిష్కళంక సేవానంతరం ఈ మాసాంతాన పదవీ విరమణ చేస్తున్నారు. నిబంధనలన్నీ కంఠస్థమైన వారిని మేమంతా ‘రూల్సమ్మ గారు’ అని పిలుచుకుంటాం. అది విని వారు కోపం నటించడమే గానీ, నిజంగా కోప్పడిన దాఖలా లేదు.

తొలి ఏడేళ్ళు అభ్యర్థుల వయసు, విద్యార్హత పత్రాలను పరిశీలించిన వారు, తదుపరి పూర్వాపరాల విచారణ విభాగానికి మారారు. “పాత కేసు ఉందని రాసినవాడి మాట వినండి, దాచినవాడి దస్త్రం మూయండి” అన్నది అక్కడ వారి సూత్రం. సొంత ఆడపడుచు కొడుకు కేసు దాచినప్పుడు ఆ దస్త్రాన్నీ మూసి, ఆరు నెలలపాటు ఆ ఇంట మంచినీళ్ళకైనా నోచుకోలేదని వారి శ్రీవారు నేటికీ నవ్వుతూ చెబుతుంటారు.

2011లో, సీనియర్ సహాయకురాలిగా ఎత్తు పరీక్షలను పర్యవేక్షిస్తున్న మూడో రోజున, అర సెంటీమీటరు తక్కువని తిరస్కరింపబడిన ఒక తాపీమేస్త్రి కూతురు కదలకుండా నిలబడిపోయింది.

“మొన్న ఆసుపత్రిలో కొలిస్తే సరిపోయానండీ. రెండు రోజుల్లో పొట్టిదాన్నైపోతానా?”

అందరూ నవ్వారు. రూల్సమ్మ గారు మాత్రం చెప్పులు విప్పి, గోడకు బిగించిన ఆ స్కేలు కింద తామే నిలబడ్డారు. సేవాపుస్తకంలో నూట యాభై ఏడున్న వారి ఎత్తు నూట యాభై ఆరే చూపింది.

“వయసు మీద పడుతోంది కదా మేడమ్!” అన్నాడు కొలిచే ఉద్యోగి.

“నా వయసు సంగతి మా ఆయన్ని అడుగుదువు గానీ, ముందు టేపు పట్రా.”

నేల నుంచి టేపు పట్టి చూస్తే, రంగులు వేసినవాళ్ళు ఊడదీసి తిరిగి బిగించిన ఆ స్కేలు ఒక సెంటీమీటరు పైకి జరిగి ఉంది. అప్పటికే ఎత్తు చాలదని అరవై ముగ్గురు ఇంటిదారి పట్టారు. ఆ తిరస్కరణ జాబితాలన్నింటిపైనా ఉన్నది రూల్సమ్మ గారి సంతకమే.

“ఇది బయటపెడితే మీ ప్రమోషన్‌కి నీళ్ళొదులుకోవాల్సిందే” అని పై అధికారి మెల్లగా హెచ్చరించారు.

రూల్సమ్మ గారు ఒక తెల్లకాగితం అందుకున్నారు. “నా దానికి వదులుకుంటానండీ. వాళ్ళ ఉద్యోగాలకి నీళ్ళొదిలే హక్కు నాకెక్కడిది?”

‘కొలిచే ముందు కొలబద్దను సరిచూడకపోవడం నా తప్పు’ అని అక్కడికక్కడే స్వహస్తాలతో రాసిచ్చారు. వారం తిరక్కుండా అరవై ముగ్గురినీ పిలిపించి మళ్ళీ కొలిపించగా, పందొమ్మిది మంది అర్హులని తేలింది. మేస్త్రి కూతురు పరుగులో అందరినీ వెనక్కి నెట్టి ఉద్యోగం సాధించింది. ఆ రోజు మైదానంలో లేచి నిలబడి చప్పట్లు కొట్టిన మొదటి వ్యక్తి రూల్సమ్మ గారే.

పదోన్నతి రెండేళ్ళు ఆలస్యమైంది. అయినా సగర్వంగా వచ్చింది. తొలి అభ్యర్థి కన్నా ముందు కొలబద్దను పరీక్షించాలన్న వారి ప్రతిపాదన నేడు అన్ని నియామక కేంద్రాలకూ శాసనం.

అరవయ్యో ఏట ఈత నేర్చుకుంటానని ప్రకటించి, ఇంటిల్లిపాదినీ హడలగొట్టిన మా రూల్సమ్మ గారు, ఆయురారోగ్యాలతో, శ్రీవారి సాహచర్యంలో, ఏ నిబంధనా అడ్డురాని నిండు నూరేళ్ళ ఆనందమయ జీవితం గడపాలని సహోద్యోగులందరి పక్షాన మనసారా ఆకాంక్షిస్తున్నాం.