గాజుతొట్టి మూత

తిరువళ్లూరు రైల్వేస్టేషన్ దగ్గర రంగుచేపల అంగడి, మిట్టమధ్యాహ్నం. తిరుత్తణి నుంచి రైల్లో నిలబడి వచ్చిన జనార్ధనం ఇక్కడా నిలబడే ఉన్నాడు. అంగడి యజమాని ధనకోటి వేసిన స్టూలు మీద కూర్చుంటే మళ్లీ లేవగలనన్న నమ్మకం పాపం ఆయనకు లేదు.

“ఇయ్యనయ్యా. ఇంక మీకు నియాన్ చేపలు ఇయ్యను.”

“అట్టంటే ఎట్ట ధనకోటీ? ఈ ఎండలో వచ్చినా. ఆరు కట్టు, నా పాటికి నేను పోతా.”

“పోయిన మంగళవారం ఆరు తీసుకోని పోయినారు. అంతకుముందు వారం ఆరు. ఏమైనాయి?”

“ఏమైతాయి? అయిపోయినాయి.”

“అయిపోయేదానికి అవేమన్నా మురుకులా?”

“నవ్వే ఓపిక లేదు నాయనా.”

“నేనూ నవ్వేదానికి చెప్పలేదు. కూర్చోండి.”

“వేండాం. బండి పట్టల్ల. కట్టు.”

“ఒగటన్నా మిగిలిందా?”

“రెండు. ఒగ మూల ఒగటి, ఇంకో మూల ఒగటి. ఈదవు, తినవు.”

“ఎట్ట ఈదతాయి? ఇవి గుంపు చేపలు. ఆరుకు తక్కువైతే బెదిరిపోతాయి. మొదటి దినమే చెప్పినాను గదా?”

“చెప్పినావు. అందుకే గదా ఆరు అడగతా ఉండేది.”

“అమ్మ ఎట్ట ఉండారు?”

“నా పెండ్లామా? వల్లియమ్మ అట్నే ఉండాది. కుడిపక్క పడిపోయి ఏడు నెలలాయ. మాట లేదు. మంచం పక్కనే తొట్టి. పొద్దున కండ్లు తెరిస్తే మొగం దానికల్లే. గుంపు తిరగతా ఉంటే గంజి తాగుతుంది. తిరగలేదంటే గోడపక్కకి తిరుక్కుంటుంది, అంతే. నిన్నంతా అట్నే. ఈ పొద్దు కూడా గంజి ముట్టలేదు.”

“పావం... వేరే జాతి ఇస్తానయ్యా. మొల్లీలు ఉండాయి, గట్టి చేపలు, ఊరికే చావవు.”

“తీసుకోని పోయినా గదా ఉగాదప్పుడు. చూసి మొగం తిప్పేసింది. ఈ నీలిగీత గుంపుగా మెరవల్ల ఆమెకు.”

“సరి. ఒగటి అడగతా, దాచకుండా చెప్పండి. నీళ్లు ఏమి నీళ్లు?”

“క్యాను నీళ్లే. నువ్వు చెప్పినట్టే.”

“మేత?”

“చిటికెడు. పొద్దున ఒగసారి.”

“ఫిల్టరు?”

“తిరగతానే ఉండాది. దాని రొదకి నాకు నిద్ర లేదు.”

“మరి ఎందుకు చస్తాయి? నా సరుకులో జబ్బు లేదు. మణవాళనగర్‌లో టీచరమ్మ ఇంట్లో ఏడాదిగా తిరగతా ఉండాయి ఇవే చేపలు.”

“వాళ్ల రాత బాగుంది.”

“రాత గాదు. పోయినసారి చచ్చినదాన్ని కవర్లో నీళ్లతో సహా తెచ్చినారు గదా? ఆ నీళ్లు పరీక్ష చేసినా. సున్నపు తేట మాదిరి ఉండాయి. అడుగున తెల్లగా మడ్డి. అదేంది?”

“మడ్డి యాడిది? ఇసుకేమో.”

“ఇసుక అంత మెత్తగా ఉంటుందా?”

“రోడ్డు పక్కన ఇల్లు. దుమ్ము.”

“అయ్యా.”

“ఏమి?”

“విభూతి వాసన వచ్చిందయ్యా.”

“ఎండ ఎక్కువైంది. నేను వస్తా—”

“నిలబడండి. మీ తిరుత్తణి కొండమీది విభూతి. మా ఇంట్లోనూ ఉండాది, ఆ వాసన నాకు తెలియదా?”

“సరే, విభూతే. అయితే ఏమి? మనిషికి పెడతాం, ఆవుకి పెడతాం, ఆటోకి పెడతాం. చేపకి పెడితే తప్పా?”

“తప్పు గాదు, చావు. ఇవి మెత్తని నీళ్లల్లో బతికేవి. దినమూ బూడిద పడితే నీళ్లు ఘాటెక్కి మొప్పలు కాలిపోతాయి.”

“తెలుసు.”

“తెలుసా?”

“నెల్లాళ్లుగా తెలుసు. దినమూ సగం నీళ్లు మారుస్తా ఉండా. నడుము పోయింది. అందుకే వారమన్నా ఉండేది అవి.”

“తెలిసీ వేస్తా ఉండారా? పెద్దోళ్లు మీరు. స్వామి పేరు చెప్పి చంపేదేంది? ఈ పసి చేపల్ని నేను ఒగొగదాన్నీ చూసి చూసి నిలబెట్టినాను, మీ బూడిదకి పంపేదానికి గాదు. తొట్టికి మూత వెయ్యండి. అద్దం మూత సుమ్మా ఇస్తా, దుడ్డు వద్దు, తీసుకోని పోండి.”

“మూత ఉండాది ఇంట్లో.”

“మరి వెయ్యండి!”

“వేసినా. పోయిన నెల పది దినాలు వేసినా. ఒగటీ చావలేదు. ఎనిమిదికి ఎనిమిదీ గుంపుగా తిరిగినాయి.”

“చూసినారా! మళ్లా ఎందుకు తీసినారు?”

“ధనకోటీ, ఆ విభూతి వేసేది నేను గాదు. వల్లియమ్మ.”

“అమ్మా? అమ్మ చెయ్యి...”

“ఆ చెయ్యే. డాక్టరు ఇంక లేవదనేసినాడు. కసరత్తు చేయించే పిల్ల రావడం మానేసింది. ఒగ పొద్దు విభూతి తట్ట మంచం మీద పెట్టి స్నానానికి పోయినా. వచ్చి చూస్తే తొట్టి అంచున కుడిచెయ్యి. వేళ్లకి విభూతి. పిల్లకాయలకి నొసట పెట్టినట్టు నీళ్లకి పెడతా ఉండాది. అప్పటినించీ దినమూ. జానెడు లేస్తుంది. దానికి మాత్రమే. గంజి చెంచాకి లేవదు. నేను పట్టుకోని లేపితే లేవదు. నాకోసరం లేవదు.”

“మరి... మూత వేసినప్పుడు?”

“మొదటి దినం అద్దాన్ని వేళ్లతో గీకింది. రెండో దినమూ గీకింది. అయిదో దినానికి చెయ్యి దుప్పట్లోనే ఉండిపోయింది. చేపలు మాత్రం బాగుండాయి, నువ్వు చెప్పినట్టే.”

“అయ్యా...”

“మూత నేనే తీసినా. ఆరు కట్టు.”