కింద వదలమన్న జాగా

రాళ్ళు చెక్కే కొట్టు తలుపు మీద ఎవరో తారుతో రాసిపోయిన ‘దేశద్రోహి’ ఇంకా ఆరలేదు. మునిసిపల్ ఆఫీసులో గుమాస్తా అయిన శిల్పి బావమరిది దాన్ని చూడనట్టే లోపలికొచ్చి, నల్లరాతి పలక మీద కాగితం పరిచాడు.

“అమరవీరుల ఫలకం బావా. పైన ముప్పై పేర్లు చెక్కు. కింది సగం నునుపు చేసి ఖాళీగా వదిలెయ్.”

“ఖాళీ దేనికిరా?”

“పైవాళ్ళ ఆర్డరు. మాటిమాటికీ కొత్త రాయి కొనక్కర్లేకుండా.”

శిల్పి ఆ కింది సగాన్ని జానలతో కొలిచాడు. “ఇంకో ముప్పై పడతాయి. పుట్టకముందే పేరు పెట్టేవాళ్ళని చూశాను గానీ, చావకముందే జాగా అట్టేపెట్టేవాళ్ళని ఇప్పుడే చూస్తున్నా.”

“మెల్లగా! యుద్ధం ఆపమని ఆ అర్జీ మీద సంతకం పెట్టబట్టే కదా నీ తలుపుకి ఈ గతి?”

“చావొద్దన్న నేను ద్రోహిని. చోటు కొలిచిపెట్టిన మీరు దేశభక్తులు.”

“నీ కొడుకు సరిహద్దులో ఉన్నాడని నాకు మాత్రం దిగులుండదా? మేనల్లుడు కాదూ!”

శిల్పి సుద్దముక్క తీసి అతని చేతిలో పెట్టాడు.

“అయితే ఉండు, మీ అక్కని పిలుస్తాను. నీ మేనల్లుడి పేరు ఎన్నో వరసలో వస్తుందో దాని కళ్ళెదుటే గీత గీసి చూపించు.”