నాన్న ఆగే అక్షరం

హలో… ఆఁ, నేనేరా, అక్కనే. ఒక్క నిమిషం, కుట్టుమిషన్ ఆపనీ…

ఊఁ, ఇప్పుడు చెప్పు.

…బాగానే ఉన్నాం. నీ ఫొటో చూశాను పేపర్లో. జ్ఞాపిక పట్టుకుని బాగా నవ్వావు.

నాన్నా? వరండాలో కూర్చున్నారు… లేదు, మాట్లాడరు.

నీతో అని కాదురా, ఎవరితోనూ. నీ సభ జరిగి పదకొండు రోజులు. ఆ రోజు నుంచీ నోరు విప్పలేదు. నోటుపుస్తకంలో రాసి చూపిస్తున్నారు. 'చాలు.' 'ఫ్యాను ఆపు.' అంతే.

…చూపించాను. గొంతుకేమీ కాలేదన్నాడు డాక్టరు.

ఆదివారమా? ఎవరొస్తున్నారు?… టీవీ వాళ్ళు. నువ్వు నీ కవిత చదువుతుంటే నాన్న పక్కన కూర్చోవాలి… మాట్లాడక్కర్లేదా? అబ్బో, ఎంత దయ!

వెటకారం కాదురా…

సరే, వెటకారమే.

ఏంటీ? పాఠ్యపుస్తకంలోనా? ఎన్నో తరగతి?… తొమ్మిది. ఏ పాఠం కింద?… అనుప్రాసకి ఉదాహరణగా.

బాగుంది. ఏటా తొమ్మిదో తరగతి పిల్లలంతా లేచి నిలబడి మన నాన్న నత్తిని అప్పజెప్తారన్నమాట. మార్కులు కూడా వేస్తారు.

…ఆగాగు. 'శబ్దాన్ని శబ్దంగా చూడాలి' అని సభలో చెప్పావుగా, మళ్ళీ నాకెందుకు? ఒకే అక్షరం పదే పదే వస్తే చెవికి ఇంపుగా ఉంటుంది. విన్నాను. అందరూ విన్నారు.

ఏదీ, ఆ లైను?… చదవకు! నాకు నోటికొచ్చు. 'ప… ప… పలకని పదమొకటి, పెదవుల పంజరంలో పావురం.' పైగా మైకు దగ్గరికి జరిగి, కళ్ళు మూసుకుని, 'ప… ప… ప…' అని నువ్వు ఆగావు చూడు, హాలంతా నవ్వింది. ఆ తర్వాత చప్పట్లు.

…ముందు నవ్వారురా. నేను మూడో వరసలో ఉన్నాను, నాకు తెలియదా?

నీకు తెలియంది ఒకటి చెప్పనా? నాన్న పక్క సీట్లో ఒకాయన ఉన్నాడు, ఎవరో లెక్చరరట. ఆయన ఇటు తిరిగి, 'ఆ నాన్నగారు మీరేనా?' అన్నాడు. మంచిగానే అడిగాడు పాపం. నాన్న 'కాదు' అనబోయారు.

…అదే. 'కాదు' అని. 'కా… కా…' దగ్గర ఉండిపోయారు. మెడ నరాలు పొంగాయి. ముందు వరస వాళ్ళు వెనక్కి తిరిగారు. ఇదీ కార్యక్రమంలో భాగమే అనుకున్నట్టున్నారు. ఒకమ్మాయి చప్పట్లు కొట్టింది.

…అవును, 'కా'. 'ప' కాదు.

నిన్న నీ పుస్తకం తీసి చూశాను. నాన్న పెన్సిలుతో దిద్దారు. నలభై ఏళ్ళు ప్రెస్సులో అక్షరాలు కూర్చిన మనిషి, చెయ్యి ఊరుకుంటుందా? నువ్వు 'ప' అన్న ప్రతిచోటా కొట్టేసి, పక్కన గీత గీసి 'క' అని రాశారు. అచ్చుతప్పు దిద్దినట్టు.

ఆయనకి పెదవుల్లో ఏ ఇబ్బందీ లేదురా. పంజరమూ లేదు, పావురమూ లేదు. గొంతులో ఆగుతుంది, మాట 'క'తో మొదలైతే. చిన్నప్పటి నుంచీ అంతే. ఒకే ఇంట్లో ఇరవై రెండేళ్ళు పెరిగావు. విననేలేదా?

…ఏంటీ, మళ్ళీ చెప్పు?

'క' పెడితే పావురం కుదరదా.

పావురం కోసం నాన్న గొంతు మార్చేశావన్నమాట.

…లేదు, నేను అరవట్లేదు.

నీకసలు అన్ని మాటలు ఎక్కణ్ణుంచి వచ్చాయనుకున్నావు? కిటికీ వెయ్యమనడానికి ఆయన 'గవాక్షం' అనేవారు. కాకిని 'వాయసం' అనేవారు. మహా పండితుడు అనుకునేది ఎదురింటి టైపిస్టు. పండితుడూ కాదు, పాడూ కాదు. 'క' రాకుండా తప్పించుకోవడానికి రాత్రీ పగలూ నిఘంటువు తిరగేశాడు ఆ మనిషి. ఒక్కో మాటకి నాలుగు మాటలు జేబులో పెట్టుకుని తిరిగాడు. ఒకటో తరగతిలో నువ్వు 'వాయసం' అంటే టీచరు మురిసిపోయింది. అదంతా ఆయన భయంరా! నీకు భాష అయింది.

పద్యం అయితే మాత్రం ఆగేవారు కాదు. రాగం తగిలితే 'క' కూడా దారిచ్చేది. అందుకే మనల్ని పడుకోబెట్టేటప్పుడు అన్నేసి పద్యాలు. మనకోసం అనుకున్నాం. రోజు మొత్తంలో ఆయన అడ్డం లేకుండా మాట్లాడింది ఆ కాసేపే.

ఒక్కటి అడుగుతాను. నిన్ను ఎవరికైనా చూపించి 'నా కొడుకు' అన్నారా ఎప్పుడైనా?… అనలేదు కదూ. 'మా అబ్బాయి' అనేవారు. నన్నూ 'అమ్మాయి' అనే. ఎందుకో ఇప్పుడైనా తెలిసిందా?

…ఏడవకు.

ఏడవకురా, టీవీ వాళ్ళు రావడానికి ఇంకా నాలుగు రోజులుంది.

…సరే, అనకూడదు. అన్నాను.

నాన్నకివ్వనా? ఆయన మాట్లాడరని చెప్పాగా… నువ్వు మాట్లాడతావా? సరే. చెవి దగ్గర పెడతాను. స్పీకరు పెట్టను, నాకు వినాలని లేదు.

నాన్నా… తమ్ముడు. మీరేమీ అనక్కర్లేదు, వినండి చాలు.

…

…

అయిందా నాన్నా? ఇలా ఇవ్వండి.

హలో. ఏం చెప్పావురా అంతసేపు?… క్షమించమన్నావా. మామూలుగానే అడిగావా?… ఏమన్నావో చెప్పు నాకు.

…'మాటలిచ్చిన మనిషినే మూగని చేసిన మూర్ఖుణ్ణి నాన్నా.'

మ… మ… మ…

…అనుకోకుండా అలా వచ్చిందా. వస్తుంది, నీకు అలవాటే కదా.

ఉండు, ఏదో రాస్తున్నారు… నవ్వట్లేదురా, కోపంగానూ లేరు. మామూలుగానే ఉన్నారు. పుస్తకం నా వైపు తిప్పారు. చదవనా?

'బాగా చదివాడు.'

అంతే, ఇంకేం లేదు.

'మాట్లాడాడు' అని కాదురా. 'చదివాడు' అని రాశారు.

…ఆదివారం రావద్దు. ఎవర్నీ తీసుకురావద్దు.

పెట్టేస్తున్నాను.