చెప్పింది చెప్పినట్టు

వేదిక వెనక చాపలూ విరిగిన కుర్చీలూ పడేసే గది. లోపలి నుంచి గడియ వేసి ఉంది. మూడు రోజులుగా దైవజనుడి ప్రసంగాన్ని తెలుగులోకి తర్జుమా చేస్తున్న తమ్ముడు గోడకి చేరగిలబడి ఉన్నాడు. అక్క కొంగు తడిపి అతని మొహం తుడుస్తోంది.

"కదలకు. పెదవి చీలింది."

"ముందు పన్ను ఉందా? నాలిక పెడితే ఖాళీగా తగుల్తోంది."

"లేదు. మింగకు, రక్తం. ఉమ్మెయ్."

"మైకు స్టాండుతో కొట్టాడక్కా, ఆ పాటలు పాడేవాడు. పోయినవారమే మనింట్లో భోంచేసి వెళ్ళాడు."

"తిన్నది అరిగిపోయుంటుందిలే. మాట్లాడకు."

"ఎందుకు కొట్టారో నీకర్థమైందా అసలు?"

"దైవజనుడి మాటలు మార్చావన్నారు."

"మార్చాను. మొదటిరోజు నుంచీ మార్చాను. మందు మింగితే అవిశ్వాసం, పారెయ్యండి అన్నాడాయన. నేనేమన్నాను?"

"మందు వేసుకోండి, ప్రార్థన మానకండి అన్నావు."

"మర్నాడు? నేనూ క్రీస్తూ ఒకటే, నన్ను ముట్టుకుంటే పాపాలు పోతాయన్నాడు."

"అలా అన్నాడా!"

"అచ్చంగా అలాగే."

"క్రీస్తు ఒక్కడే రక్షకుడు, నేను ఆయన వాకిలి ఊడ్చేవాణ్ణి అన్నావు కదరా నువ్వు. జనమంతా స్తోత్రం, స్తోత్రం అని ఊగిపోయారు. నాకు ఏడుపాగలేదు."

"ఇవాళ బెత్తంతో కొట్టి దురాత్మని వెళ్ళగొట్టాలన్నాడు. తలమీద చేతులుంచి ప్రార్థించాలి అన్నాన్నేను. అంతే. పొద్దున దిగాడే ఆ సహాయకుడు, వాడికి రెండు భాషలూ వచ్చట. నా చేతిలో మైకు లాక్కున్నాడు. తర్వాత అన్నీ కాళ్ళే. చెప్పులతో తొక్కారు. ఆపైన నాకు స్పృహ లేదు. మిగతాది వాడే తర్జుమా చేశాడా?"

"చేశాడు."

"ఉన్నదున్నట్టా?"

"ఉన్నదున్నట్టే."

"పిల్ల ఏదక్కా?"

"ఎవరు?"

"ఎవరేంటి! నా మేనకోడలు. నీ పక్కనేగా కూర్చుంది."

"మీ బావ తీసుకెళ్ళారు. తల ఎత్తు, ముక్కులోంచి కారుతోంది."

"ఇంటికా?"

"ఎత్తమన్నానా!"

"ఇంటికా అక్కా?"

"ఆసుపత్రికి."

"మళ్ళీ మూర్ఛ వచ్చిందా?"

"వచ్చింది. నిన్ను తొక్కుతుంటే మామయ్యా, మామయ్యా అంటూనే పడిపోయింది. దురాత్మ బయటపడిందన్నాడాయన."

"దాన్ని కొట్టారా?"

"తల దించకు, రక్తం ఆగలేదు."

"అక్కా! కొట్టారా?"

"బెత్తం విరిగింది. ఇంకోటి తెచ్చారు."

"దేవుడా... ప్రాణం?"

"ఊపిరుంది. కళ్ళు తెరవలేదు. వీపంతా... వద్దురా, అడక్కు."

"మరి నువ్విక్కడ కూర్చుని నా మూతి తుడుస్తావేంటి? నువ్వెందుకు వెళ్ళలేదు?"

"మీ బావ కారెక్కనివ్వలేదు."

"ఏం?"

"ఎక్కనివ్వలేదు, అంతే."

"ఆ చేతికేంటి?"

"గాజు గుచ్చుకుంది."

"గాజుకి పళ్ళుంటాయా? ఇటు చూపించు... ఆగు, ఎవరో తలుపు కొడుతున్నారు."

"లోపల తర్జుమా మాస్టారేనా? తలుపు తియ్యండి!"

"ఎవరది?"

"సంఘపెద్దని. బయటికొచ్చి దైవజనుణ్ణి క్షమాపణ అడగండి. ఆయన చెప్పింది చెప్పినట్టు చెప్తే ఎవరూ మీ మీద చెయ్యి వెయ్యరు."

"వాడు అబద్ధ బోధకుడు పెద్దయ్యగారూ!"

"నిన్నటిదాకా మా అందరిచేతా ఆమేన్ అనిపించింది తమరేగా? తొందరగా రండి. దర్జీ భార్యని వేదిక ఎక్కిస్తున్నారు. ఆవిడక్కూడా ఉందట దురాత్మ."

"ఆవిడకున్నది ఉబ్బసం!"

"అది ఆయన చూసుకుంటారు. మీరు రాకపోతే కుర్రాళ్ళు తలుపు విరగ్గొడతారు. ఆపడం నా తరం కాదు."

"వెళ్ళాడా?"

"గుమ్మంలోనే ఉన్నాడు. మెల్లిగా మాట్లాడు."

"ఆ కిటికీ ఊచ వదులుగా ఉంది. పద, ఆసుపత్రికి పోదాం. నా మనస్సాక్షి శుభ్రంగా ఉందక్కా. మూడు రోజుల్లో హితబోధ తప్ప ఒక్క తప్పుడు మాట నా నోట్లోంచి రాలేదు."

"అదేరా నా కొంప ముంచింది."

"ఏంటీ?"

"మందులు పారెయ్యమన్నాడని మొదటిరోజే చెప్పుంటే, దాని చెయ్యి పట్టుకుని లేచి వచ్చేసేదాన్ని కాదా? నేనూ క్రీస్తూ ఒకటే అన్నాడని తెలిస్తే ఈ సంఘంలో ఒక్కరైనా కూర్చునేవారా? ఎంత మంచి మనిషో అనుకున్నాం. ఎంత చక్కటి వాక్యం చెప్తాడో అనుకున్నాం."

"నేను కాపాడుదామనే..."

"తోడేలుకి ఉన్ని కప్పావురా. పోగు కూడా తేడా రాకుండా. ఇవాళ వాడు కొట్టమంటే, ఇంత మంచివాడు ఊరికే అంటాడా అనుకున్నాను."

"అక్కా, ఆ పంటి గాట్లు..."

"దెబ్బల మధ్యలో పిల్లకి తెలివొచ్చింది. అమ్మా అంది. దురాత్మే నిన్ను పిలుస్తోంది, పలక్కు అన్నాడు. మళ్ళీ అమ్మా అంది."

"నువ్వేం చేశావు?"

"నోరు నొక్కి పట్టుకున్నాను. ఈ చేత్తోనే. అందుకే కొరికింది. ఆయన మాట విని కాదురా. రెండు రోజులు నీ గొంతులో విన్న మాటలకి. ఏమన్నా అను. తిట్టు. మీ బావ తిట్టనైనా తిట్టలేదు."

"గడియ తియ్యి."

"పిచ్చా నీకు? కిటికీ అన్నావుగా! చంపేస్తారు!"

"దర్జీ భార్యని ఎక్కిస్తున్నారు, వినలేదూ? జరుగు."

"తమ్ముడూ..."

"పెద్దయ్యగారూ, ఆగండి! వస్తున్నాను. ఆ మైకు నాకిప్పించండి. మీరడిగినట్టే, ఆయన చెప్పింది చెప్పినట్టు చెప్తాను. మొదటిరోజు నుంచీ."