పెన్ను లాక్కున్న గుమాస్తా

అదేంటి తల్లీ, పెన్ను మూత తీస్తున్నావు? పెట్టెయ్, అక్కడ పెట్టెయ్. సంతకం నువ్వు పెట్టక్కర్లేదు. వకీలుగారు నాలుగింటికి వస్తారు. కిందింటి మాస్టారూ, ఎదురు మందులకొట్టాయనా వచ్చి వీలునామా మీద సాక్షి సంతకాలు పెడతారు. నువ్వొద్దు. ఎందుకంటే, వద్దంతే. చూశావా, అప్పుడే ముఖం మాడ్చుకున్నావు! నీ ఈడులో నేనూ ఇలాగే మాడ్చుకున్నాను. ఒకరోజు కాదు, ఆరేళ్లు. సరే కూర్చో, ఇంకా గంట టైముంది. కారు బీమా కాగితాలు తెచ్చావా? చూద్దాంలే, నా కళ్లజోడు ఏదీ... నెత్తిమీదే ఉందా, సరే. నీకు పోతేగారి గురించి ఎప్పుడైనా చెప్పానా?

పోతేగారంటే అది అసలు పేరు కాదులే. వకీలు దగ్గర గుమాస్తా ఆయన. సన్నంగా, పొడుగ్గా, ఎడమకాలు కాస్త ఈడుస్తూ నడిచేవాడు. చంకలో ఎప్పుడూ ఫైళ్లే. ఎవరు ఏ శుభవార్త చెప్పినా ముందు 'పోతే?' అనేవాడు. ఒకాయన ఇల్లు కట్టుకుని సంబరంగా చెప్పబోతే, 'బాగుందండీ. మీరు పోతే ఇదెవరికి? మీకంటే ముందు ఆవిడ పోతే? ఇద్దరూ ఒకే కారులో పోతే?' అన్నాడట. శుభం పలకరా మంకెన్నా అన్న సామెత ఉంది చూడు, అచ్చం అదే. ఆయన వస్తుంటే జనం వీధి దాటి అవతలికి వెళ్లిపోయేవాళ్లు. మళ్లీ చీకటి పడ్డాక ఆయన గుమ్మంలో చేరి, 'గుమాస్తాగారూ, చిన్న డౌటు' అనేదీ వాళ్లే! బ్యాంకులో చేసి రిటైరైన ఒకాయన వచ్చి, 'అంతా కాగితం మీద రాసి బీరువాలో పెట్టేశాను, చాలదా?' అని అడిగాడు. 'సంతకం ఎవరి ఎదుట పెట్టారు?' 'ఎవరూ లేరండీ, తలుపేసుకుని రాశాను.' 'అయితే అది ఉత్తరమండీ, వీలునామా కాదు. ఇద్దరు సాక్షులుండాలి.' అంతే చెప్పేవాడు. ఒక ముక్క ఎక్కువా లేదు, తక్కువా లేదు.

మా పెద్దమ్మ లాండ్రీ నీకు తెలుసుగా, అదే, ఇప్పుడు నువ్వు చూసుకుంటున్నదే. అప్పట్లో ఒకే గది, రెండు ఇస్త్రీ బల్లలు, వెనకాల బట్టలు ఆరేసే చావడి. పెద్దనాన్న పోయాడు, పిల్లల్లేరు. నన్ను ఎనిమిదో ఏట తెచ్చుకుని పెంచింది. పెంచింది అంటే ముద్దులేం లేవు. కాలర్ మీద ముడత కనిపిస్తే ఇస్త్రీపెట్టె నా వైపు చూపించేది! ఆవిడ ఒక పాత కారు కొంది, ఇళ్లకి బట్టలు చేరవేయడానికి. నడిపేది నేను. కొన్నరోజే పోతేగారు వచ్చి కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, 'బీమా ఏమని కట్టారు?' అన్నాడు. సొంతానికి అని కట్టాం. 'మరి వెనక సీట్లో ఇవన్నీ ఎవరి చొక్కాలు? వ్యాపారానికి అని మార్పించండి. గుద్దితే?' పెద్దమ్మ మండిపడింది. 'కొత్తగా కొనుక్కుంటే గుద్దడం గురించేనా!' అంది. కానీ మర్నాడే మార్పించింది. మూడో నెలలో నేను వెనక్కి తీస్తూ మంగలిషాపు అద్దాల తలుపులోకి తోసేశాను. లోపల ఒకాయన గడ్డం సగం గీసి ఉంది పాపం, ఆ నురగతోనే రోడ్డు మీదికి పరిగెత్తాడు. బీమావాళ్లు వచ్చారు, సీట్లో మూటలు చూశారు, కాగితం చూశారు, నోరు మూసుకుని కట్టారు. ఆ రోజు నుంచీ పొద్దున్నే ఆయన్ని కారులో కోర్టు దగ్గర దింపేవాణ్ణి. పాపం ఆ కాలుతో అంతదూరం ఎందుకు నడవాలని. దారిపొడుగునా నా పక్కన కూర్చుని, 'బ్రేకు పడకపోతే?' అనేవాడు. ఆయనంటే నాకు ఇష్టమే తల్లీ. అది చెప్పకపోతే మిగతాది నీకు అర్థం కాదు.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం పెద్దమ్మ వీలునామా రాయించి, లాండ్రీకే తెప్పించుకుంది. కాగితాలు పట్టుకొచ్చింది పోతేగారే. ఇస్త్రీ బల్ల మీదే పరిచారు. పక్కకొట్టు దర్జీ ఒక సాక్షి. రెండోవాడి కోసం పెద్దమ్మ నన్ను కేకేసింది. 'వీడు పెడతాడు. నాకు వీడికంటే నమ్మకమైనవాడెవడు?' అంది. ఆవిడ నోట అలాంటి మాట వినడం అదే మొదటిసారి తెలుసా! చేతులు తుడుచుకుని పెన్ను తీసుకున్నాను. నిబ్బు కాగితానికి తగలబోయేలోపు పోతేగారు నా చేతిలోంచి పెన్ను లాగేసుకున్నాడు. 'వీడొద్దు' అన్నాడు. అంతమందిలో! ఇస్త్రీ చేసే ఇద్దరు ఆడవాళ్లు, బట్టలకోసం వచ్చిన టీచరమ్మ, అందరూ చూస్తున్నారు. ఎందుకండీ అన్నాను. పెద్దమ్మ చెవిలో ఏదో అన్నాడు. ఆవిడ నా వైపు ఒకసారి చూసి, తల తిప్పుకుని బట్టలు మడతపెట్టడం మొదలుపెట్టింది. పోస్టుమాన్ వెళ్తుంటే పిలిచి అతనిచేత పెట్టించారు. దారిన పోయే పోస్టుమాన్ పనికొచ్చాడు, నేను పనికిరాలేదు. తలకొట్టేసినట్టయింది నాకు.

పెద్దమ్మని ఏం అనగలను, అన్నం పెట్టే చెయ్యి. మొత్తం కోపం ఆయన మీదికి పోయింది. నేను దొంగసంతకాలు పెట్టేవాడిలా కనిపించానా అని. మర్నాడు పొద్దున ఆయన ఎప్పటిలాగే మూల దగ్గర ఫైళ్లతో నిలబడి ఉన్నాడు. ఆపలేదు. తర్వాత రోజూ ఆపలేదు. ఒకసారి వాన. గొడుగు ఫైళ్లకి పట్టి ఆయన తడుస్తున్నాడు. చూసి కూడా పక్కనించే వెళ్లాను, గుంటలో నీళ్లు ఆయన పంట్లాం మీద పడ్డాయి. కావాలని చేశానా అంటే... ఆ, కావాలనే చేశాను. నీకు అబద్ధమెందుకు చెప్పాలి? ఆరేళ్లు తల్లీ, ఆ కాలు ఈడ్చుకుంటూ నడిచాడు. ఒక్కరోజు ఆపమని చెయ్యెత్తలేదు. ఎదురుపడితే మాత్రం ఒకటే మాట. 'బీమా కట్టావా?' వెక్కిరిస్తున్నాడనుకునేవాణ్ణి. ఒళ్లు మండేది. జవాబు చెప్పేవాణ్ణి కాదు. తర్వాత ఒక చలికాలం జ్వరమొచ్చి పోయాడు. ఆయన వీధిలోనే బట్టలు ఇచ్చేది ఉండి కూడా, ఆ ఇంటి ముందు బండి ఆపకుండా వెళ్లాను.

ఆయన పోయిన రెండేళ్లకి పెద్దమ్మ పోయింది. వారం తర్వాత వకీలుగారు పిలిపించి వీలునామా చదివారు. లాండ్రీ నాకు. కారు నాకు. ఆ చావడి, ఆ బల్లలు, అన్నీ నాకే. పెద్దనాన్న తరఫువాళ్లు కాగితాన్ని ఇటు తిప్పి అటు తిప్పి చూసి లేచి వెళ్లిపోయారు. చివరికి, 'మరి ఆ రోజు నన్నెందుకు సంతకం పెట్టనివ్వలేదండీ?' అన్నాను. వకీలుగారు నా వైపు వింతగా చూశారు. 'నీకు తెలీదా? సాక్షి సంతకం పెట్టినవాడికి అందులో రాసింది చెల్లదు. నువ్వు పెట్టి ఉంటే లాండ్రీ మీ పెద్దనాన్న తరఫువాళ్లకి పోయేది. మీ పెద్దమ్మేమో నీకు చెప్పొద్దని గుమాస్తా దగ్గర మాట తీసుకుంది. మావాడి నోట్లో నువ్వుగింజ నానదు, తెలిస్తే పని మానేసి యజమాని వేషం వేస్తాడు అందిట.' ఆ కవరులోనే నా పేర ఒక చీటీ ఉంది, పోతేగారి చేతిరాత. విప్పేముందు అనుకున్నాను, ఆ పెన్ను సంగతేదో రాసి ఉంటాడని. ఏముంది? 'ఆమె పోతే కారు బీమా ఆమె పేరునే ఉండిపోతుంది. నీ పేరుకి మార్పించుకునేదాకా బండి తీయకు. గుద్దితే?' అంతే. నేనేమో అప్పటికే వారం రోజులుగా తిప్పుతున్నాను! ఆ రోజు కారు అక్కడే వదిలేసి నడిచి ఇంటికొచ్చాను. ఆయన నడిచిన దారే. ఎంత దూరమో అప్పుడు తెలిసింది. సిగ్గేసింది తల్లీ. ఇప్పటికీ వేస్తుంది. చెప్పుకుందామంటే మనిషేడీ?

ఒక్క మాట చెప్పేస్తే ఆయనకి మళ్లీ కారులో చోటు దక్కేది. చెప్పలేదు. అంతటి గుట్టు మనిషి. అందుకే అన్నాను, నువ్వు పెన్ను ముట్టుకోవద్దని. మాస్టారు పెడతారు, మందులకొట్టాయన పెడతాడు, వాళ్లకి ఇందులో ఏమీ లేదు కాబట్టి. నువ్వు పెట్టావనుకో... ఏంటి, అలా చూస్తున్నావు? కళ్లెందుకు తుడుచుకుంటున్నావు, ఇప్పుడు నేనేమన్నానని?

అయ్యో. చెప్పేశానా?

పెద్దమ్మ ఊరికే అనలేదు. సరేలే, మీ బాబాయిల దగ్గర మాత్రం అనకు. ఇటివ్వు ఆ కాగితాలు. బీమా కట్టావా?