ఆలస్యం నంబరు

నేపుల్స్ నగరం, ఇంజనీరింగ్ కాలేజీలో పట్టాలిచ్చే రోజు. హాలు కింద, చుట్టాలు కింద, పూలగుత్తులు కింద. ఐదో అంతస్తులో విరిగిన బల్లలు పడేసిన గదిలో మాత్రం ఒక తండ్రీ, ఒక కొడుకూ. ఇంత మంచి రోజున ఇంత పనికిమాలిన చోట వాళ్ళకేం పని అంటే, వాళ్ళ మాటల్లోనే వినాలి.

"నాన్నా! నువ్వా? నువ్విక్కడేం చేస్తున్నావ్?"

"నువ్వేం చేస్తున్నావ్?"

"ముందు నేనడిగా."

"మెట్లెక్కి వచ్చా."

"ఎలా వచ్చావని కాదు, ఎందుకొచ్చావని."

"గాలికి. కింద ఒకటే ఉక్క. మీ అత్తలూ, మామలూ, ఎదురింటివాళ్ళూ, అందరూ పెళ్ళికొచ్చినట్టు దిగారు. మీ నానమ్మ కుర్చీ కోసం ఎవరితోనో పోట్లాడుతోంది. నువ్వు పద. పట్టా పుచ్చుకునేవాళ్ళు ముందు వరసలో కూర్చోవాలటగా."

"మార్చిలో ఉక్కేంటి నాన్నా? కిటికీ బార్లా తీసి పెట్టావ్. కోటు కూడా విప్పేశావ్. వణుకుతున్నావ్ చూడు."

"నాకు ఉక్కగానే ఉంది."

"కోటు మడతపెట్టి మరీ బల్ల మీద పెట్టావే. దాని మీద గడియారం. తాతయ్య గడియారం కదూ అది? స్నానానికి కూడా తియ్యవుగా నువ్వు."

"అది నీకే. ఇవాళ నీకివ్వాలని... వదిలెయ్. పద లివియో, కిందకి పద."

"నేను రాను."

"రాకపోవడమేంట్రా? పట్టా అందగానే నీ నెత్తిన పెట్టే ఆకుల కిరీటం మీ అమ్మ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, ఎవరైనా తగిలితే నలిగిపోతుందని. అందరికీ పంచడానికి ఎర్ర చక్కెర పూసిన బాదం పలుకులు పొట్లాలు కట్టించింది. నిన్నట్నుంచీ ఆవిడ కాలు నేల మీద లేదు."

"నా పేరు పిలవరు నాన్నా."

"ఏ చివర్లోనో పిలుస్తారు. మన ఇంటిపేరే అలాంటిది."

"చివర్లో కూడా పిలవరు. నేను పాసవలేదు."

"మీ నానమ్మకి కుర్చీ దొరికిందో లేదో."

"విన్నావా?"

"విన్నా. ఏం పాసవలేదు?"

"ఒక్కటే. ఒక్కటే మిగిలిపోయింది. ప్రాబబిలిటీ."

"అంటే?"

"అవకాశాల లెక్క. ఏది జరగడానికి ఎంత అవకాశముందో చెప్పేది."

"అది మన ఇంటి లెక్క కదరా! లాటరీ కొట్టు సావెరియో కొడుకువి నువ్వు. నువ్వు దాంట్లో తప్పడమేంటి?"

"నీ కొడుకుని కాబట్టే తప్పా."

"ఏం మాటది?"

"నీ కొట్లో గోడ మీద ఏముంటుంది? ఆలస్యం నంబర్ల పట్టీ. ఏ నంబరు ఎన్నాళ్ళుగా రాలేదో పెద్దక్షరాలతో రాస్తావ్. జనం అది చూసి ఆడతారు."

"ఆడరా మరి? చాన్నాళ్ళు రానిది వచ్చే వేళ దగ్గరపడినట్టేగా."

"కాదు నాన్నా. తొంభై బంతులు వేస్తారు, ఐదు తీస్తారు. మళ్ళీసారి ఆ తొంభైనీ వేస్తారు. బంతికి జ్ఞాపకం ఉండదు. పాపం కిందటి వారం రాలేకపోయాను, ఈ వారమైనా మొహం చూపిద్దాం అనుకోదు."

"అరవై ఐదు ఏడాదిగా రాలేదు, తెలుసా?"

"తెలుసు. ఇవాళ వచ్చే అవకాశం పద్దెనిమిదిలో ఒకటి. కిందటి డ్రాకీ అంతే. వచ్చే డ్రాకీ అంతే."

"ఇంత ఆలస్యమయ్యాక కూడానా?"

"ఇంత ఆలస్యమయ్యాక కూడా."

"అన్యాయం కదరా."

"అన్యాయం కాదు. లెక్క."

"ఇంత బాగా చెప్తున్నావ్. మరెలా తప్పావ్?"

"తప్పలేదు. మొదటిసారే పాసయ్యా."

"ఏంటి?"

"రెండో ఏడాదిలో. కాస్తాల్దో సారు ఎదురుగా కూర్చోబెట్టుకుని ప్రశ్నలడిగాడు. అయ్యాక, ముప్పైకి ఇరవై రెండు ఇస్తాను, తీసుకుంటావా అన్నాడు. వద్దనొచ్చు. వద్దంటే ఆ మార్కులు పోతాయి, మళ్ళీ మొదట్నుంచీ పరీక్షకి రావాలి. ఒక్క నిమిషం సార్ అని వరండాలోకొచ్చి నీకు ఫోన్ చేశా. గుర్తుందా?"

"ఎప్పటి మాటరా అది."

"కొట్లో జనం ఉన్నారు. అరుస్తూ మాట్లాడావ్. ఇరవై రెండు వచ్చింది నాన్నా, తీసుకోనా అనడిగా. నువ్వేమన్నావ్?"

"నాకు గుర్తులేదు."

"నాకుంది. ఇరవై రెండా! మన లెక్కలో ఇరవై రెండంటే పిచ్చోడు కదరా, పిచ్చోడి నంబరు మీద ఇంజనీరవుతావా, వదిలెయ్, ఇంకోటి తెచ్చుకో అన్నావ్."

"సరదాకి అనుంటా."

"కొట్లో అందరూ నవ్వారు. ఫోన్లో వినపడింది."

"సరదాకి రా! కలలో పాము కనిపిస్తే ఓ నంబరు, పళ్ళూడితే ఓ నంబరు, పిచ్చోడికో నంబరు. అవి చెప్పి టికెట్లమ్ముకునేవాణ్ణి నేను. ఇంజనీరింగ్ చదివేవాడివి నువ్వు! నా మాట పట్టుకుని..."

"పట్టుకున్నా. లోపలికెళ్ళి వద్దు సార్ అన్నా. ఎందుకయ్యా అన్నాడాయన. ఏం చెప్పను? అవకాశాల లెక్క పరీక్షలో కూర్చుని, మా నాన్నకి ఆ నంబరు అచ్చిరాదు సార్ అని చెప్పనా?"

"చెప్పాల్సింది."

"ఏంటీ?"

"చెప్పుంటే ఆయన నవ్వి, వెధవా తీసుకో అనేవాడు."

"ఇప్పుడు చెప్తున్నావా ఆ మాట?"

"తర్వాత మళ్ళీ వెళ్ళలేదా?"

"వెళ్ళా. పెట్టినప్పుడల్లా వెళ్ళా. ఆయన ముందు కూర్చోగానే కొట్లో నవ్వు వినపడేది. ప్రతిసారీ అదే ప్రశ్న అడిగేవాడు. రెండు సంగతులు జరిగాయి, దేనికది విడిగా జరిగిందా, ఒకదానికీ ఇంకోదానికీ లంకె ఉందా, ఎలా తేలుస్తావ్ అని. తెలిసిందే. అయినా నోరు పెగిలేది కాదు. ఆఖరికి వెళ్ళడం మానేశా."

"మాకు పాసయ్యానన్నావ్."

"ముప్పైకి ముప్పై అన్నా. నానమ్మ ఈస్టరు కాకపోయినా పండగ కేకు చేసింది. ఆ తర్వాత అబద్ధం మీద అబద్ధం. చివరి పరీక్షలన్నా. ప్రాజెక్టన్నా. ఇదిగో ఈ తేదీ అన్నా. పట్టాలిచ్చేది ఇవాళే, అది మాత్రం నిజం. ఎవరెవరికో ఇస్తున్నారు."

"తెలుసు."

"ఏం తెలుసు?"

"తెలుసురా నాకు."

"అదే, ఏం తెలుసు?"

"నువ్వు కాలేజీకి వెళ్ళట్లేదని. అక్టోబరు నుంచీ తెలుసు. పడవల రేవు దగ్గర చూశా. సంచీ ఒళ్ళో పెట్టుకుని, కాప్రి దీవికెళ్ళే పడవలెక్కేవాళ్ళని చూస్తూ కూర్చున్నావ్. మర్నాడూ అక్కడే ఉన్నావ్. ఆ మర్నాడూ అంతే."

"ఎప్పుడు? పొద్దున్నా?"

"పొద్దున్నే."

"పొద్దున్న నువ్వు కొట్లో ఉండాలి కదా."

"చలేస్తోంది. కిటికీ వేసెయ్."

"ఇందాక ఉక్కన్నావ్. నాన్నా, ఇటు చూడు. ఇవాళ గురువారం. డ్రా ఉన్న రోజు. కొట్లో ఎవరున్నారు?"

"ఎవరూ లేరు."

"మూసి వచ్చావా?"

"మూసే ఉంది."

"ఎప్పట్నుంచి?"

"సెప్టెంబరు."

"అరవై ఐదా?"

"అరవై ఐదే. మన లెక్కలో ఏడుపు నంబరు. ముందే తెలుసుకోవాల్సింది."

"నాన్నా, నువ్వు ఆడవు కదా. అమ్మేవాడు ఆడకూడదని నాకు నువ్వే చెప్పావ్."

"చెప్పా. మొదట్లో కొంచెమే ఆడా. జనానికి టికెట్లు కొట్టే మిషన్ మీదే నాకూ ఒకటి కొట్టుకునేవాణ్ణి. రాలేదు. రాలేదంటే దగ్గరపడిందన్నమాటేగా, ఇంకొంచెం పెంచా. ఇప్పుడు మానేస్తే రేపొస్తుందేమో, అప్పుడు నా ఏడుపు ఎవరితో చెప్పుకోను? ఇంకా పెంచా. సర్కారుకి కట్టాల్సింది కట్టలేకపోయా. వచ్చి మిషన్ పట్టుకుపోయారు."

"అమ్మకి?"

"తెలీదు. పొద్దున్నే కాఫీ తాగి, తాళాల గుత్తి జేబులో వేసుకుని బయల్దేరతాగా. తాళంకప్ప కూడా నాది కాదిప్పుడు."

"మనిద్దరం ఒకే బస్సులో వెళ్ళేవాళ్ళం నాన్నా. కొట్టు దగ్గర నువ్వు దిగేవాడివి. నేను కిటికీలోంచి చెయ్యూపేవాణ్ణి."

"నువ్వు మలుపు తిరిగేదాకా ఆగి తర్వాత బస్సెక్కేవాణ్ణి."

"ఈ ఊళ్ళో ఇంకెక్కడా చోటే లేనట్టు, అదే రేవుకా?"

"మీ చిన్నప్పుడు నిన్నూ మీ అక్కనీ పడవలు చూపించడానికి అక్కడికేగా తీసుకెళ్ళేవాణ్ణి. కాళ్ళు వాటంతటవే వెళ్ళాయి. నువ్వు బెంచీ మీద ఉండేవాడివి. నేను టికెట్ల గది వెనక నిలబడేవాణ్ణి."

"వచ్చి పక్కన కూర్చోవచ్చుగా?"

"కూర్చుంటే నువ్వడుగుతావ్. కొట్టు వదిలేసి ఇక్కడేంటి నాన్నా అని."

"అందుకని చలికాలమంతా నన్నలా చూస్తూ నిలబడ్డావా?"

"నువ్వు లేచి వెళ్ళేదాకా నిలబడేవాణ్ణి. రోజూ."

"మరి తెలిసీ ఎందుకు పిలిచావ్ అందర్నీ? తేదీ చెప్పినప్పుడే నా చెంప పగలగొట్టుంటే అయిపోయేది కదా!"

"ఏ మొహం పెట్టుకుని కొట్టను?"

"అమ్మనైనా ఆపాల్సింది. బాదం పలుకుల దాకా వెళ్ళకుండా."

"ఆపుదామనుకున్నా. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం... పైగా లోపల ఎక్కడో అనిపించేది. ఇన్నాళ్ళు వెనకపడ్డాడు, ఇంకెన్నాళ్ళు వెనకపడతాడు, ఈపాటికి వాడి వంతు వచ్చే ఉంటుంది, మనకి చెప్పకుండా పాసైపోయే ఉంటాడు అని."

"నేను అరవై ఐదు కాదు నాన్నా."

"తెలుస్తోందిరా."

"తెలీదు నీకు! నన్ను కూడా గోడ మీద పట్టీలో రాసుకున్నావ్. పట్టీలో రాసుకుని వస్తుందిలే వస్తుందిలే అని కూర్చున్నావ్. నేను బంతిని కాదు. నాకు జ్ఞాపకముంటుంది. ఇరవై రెండు గుర్తుంది. ఆ నవ్వు గుర్తుంది. ఒక్క మాట, ఒక్క మాట తీసుకోరా అనుంటే..."

"అరవకు. కిందకి వినపడుద్ది."

"వినపడనీ!"

"కిటికీ దగ్గర్నుంచి ఇటు రా ముందు. లివియో. ఇటు రా."

"నీ ఫోను మోగుతోంది."

"మోగనీ."

"అమ్మే. ఎత్తకపోతే పోలీసుల్ని పిలుస్తుంది. ఎత్తు."

"ఆఁ, అసుంతా."

"ఏమయ్యా, ఎక్కడ చచ్చావ్? నీళ్ళు తెస్తానని వెళ్ళి ఇంతసేపా? వాడు నీ దగ్గరున్నాడా?"

"ఉన్నాడు."

"హమ్మయ్య! ఇద్దరూ కలిసి ఏం చేస్తున్నారక్కడ?"

"లెక్కలు."

"ఇప్పుడా లెక్కలు? మొదటి పిల్లని పిలిచేశారు కూడాను. ఇదిగో, మీ అమ్మకి తెల్లారగట్ల కలొచ్చిందట, పైపళ్ళన్నీ ఊడిపోయినట్టు. ఏ నంబరో అడగమని ప్రాణం తీస్తోంది."

"నంబరేం లేదని చెప్పు."

"లేకపోవడమేంటి? నువ్వేనా మాట్లాడేది? ఒంట్లో బాగానే ఉందా?"

"బాగానే ఉంది. వస్తున్నాం. అసుంతా..."

"ఏంటి?"

"కిరీటం పెట్టెలో పెట్టి మూత వెయ్యి. అందర్నీ బయట మెట్ల దగ్గరికి తీసుకురా. అక్కడ మాట్లాడదాం."

"ఏం మాట్లాడదాం? హలో? ఏమయ్యా?"

"పెట్టేశావేంటి నాన్నా?"

"ఇంకేం చెప్పను ఫోన్లో?"

"కిందకెళ్ళి మాత్రం ఏం చెప్తాం?"

"నేను ముందు చెప్తా. కొట్టు సంగతి. మీ అమ్మ అరుస్తుంది, మీ నానమ్మ గుండెలు బాదుకుంటుంది, మీ మామలు నా మీదకొస్తారు. అందరూ అలిసిపోయాక నువ్వు మెల్లిగా నీ సంగతి చెప్పు."

"వద్దు. ఇద్దరం కలిసే చెబుదాం. నువ్వొక్కడివే తిట్లు తినక్కర్లేదు."

"కాస్తాల్దో సారు ఇంకా ఉన్నాడా కాలేజీలో?"

"ఉన్నాడు. జూన్లో మళ్ళీ పరీక్ష ఉంది."

"ఈసారి ఇరవై రెండిస్తే?"

"పాసుకి సరిగ్గా చాలే పద్దెనిమిదిచ్చినా తీసుకుంటా. ఆయన చెయ్యి పట్టుకుని మరీ తీసుకుంటా."

"ఆ... ఒక్కటడుగుతా, కోప్పడకు. ఇవాళ సాయంత్రం డ్రాలో అరవై ఐదు..."

"నాన్నా!"

"ఊరికే అడిగాలే."

"పద్దెనిమిదిలో ఒకటి."

"సరే, సరే."

"నాన్నా, నేనీ గదికి ఎందుకొచ్చానో నువ్వడగలేదు."

"అడగను."

"హాలు కింద ఉంది, అందరూ కింద ఉన్నారు. నేను ఐదో అంతస్తుకి..."

"అడగనన్నానా. నోర్ముయ్. ఇంకెప్పుడూ ఆ మాట నా దగ్గరెత్తకు."

"చెప్పనీ ఒక్కసారి. తలుపు తోసేటప్పటికి నువ్వు ఎదురుగా ఉన్నావ్. నీ మోకాళ్ళకి మన ఇంటి మెట్లే ఎక్కలేవు. నాకోసం ఐదంతస్తులెక్కి, నాకంటే ముందొచ్చి అడ్డంగా నిలబడ్డావ్. ఇందాకట్నుంచీ నిన్ను తిడుతూనే ఉన్నా. నువ్వే లేకపోతే ఈపాటికి... నేనిక్కడికొస్తానని నీకెలా తెలిసింది?"

"పద. మీ అమ్మ మళ్ళీ చేస్తుంది."

"నువ్వు నా మాటకి జవాబు చెప్పలేదు."

"కోటందుకో. మెట్లు దిగేటప్పుడు చెయ్యి పట్టుకో నన్ను."

"ఇదిగో కోటు. వేసుకో. గడియారం మర్చిపోయి వెళ్ళిపోతున్నావ్ చూడు."

"మర్చిపోలేదురా. నా తర్వాత ఎవరో ఒకరు చూసి నీకిస్తారని అక్కడ పెట్టాను. నువ్వే వచ్చి తలుపు తీస్తావని నాకేం తెలుసు."