ఇయాద్ పాలతల్లి

(అరబ్బుల దేశంలో రేవు పట్నం స్ఫాక్స్. శుక్రవారం మధ్యాహ్నం, ముఫీదా ఇంటి వంటగది. ఐవరీ కోస్ట్ నుంచి వచ్చి మూడేళ్ళుగా ఆ ఇంట్లో పని చేస్తున్న మసేని వెనక గుమ్మంలోంచి వచ్చింది.)

"తలుపెయ్యక్కా. ముందు ఆ తలుపెయ్యి."

"వేశాను. కూర్చో మసేనీ. ఎవరన్నా వెంటపడ్డారా?"

"నా వెంట కాదు. జెనెబాని పట్టుకుపోయారు. మా చెల్లిని."

"ఎప్పుడు?"

"పొద్దున. నేను రొట్టెకని వెళ్ళాను. తిరిగొచ్చేసరికి సందు నిండా పోలీసులు. 'మసేని ఎవరు' అని అడిగారంట. అది 'నేనే' అందంట."

"అదెందుకలా అంది?"

"దానికి నేను అక్కని కాబట్టి. ఇంకెందుకంటావు?"

"మరి వాళ్ళెలా నమ్మారు?"

"చేతిలో నా ఫోటో ఉందంట. దాన్నీ, ఫోటోనీ మార్చి మార్చి చూశారంట. నల్లవాళ్ళమంతా వాళ్ళ కంటికి ఒకటే కదక్కా. నమ్మేశారు."

"ముందు కాసిని నీళ్ళు తాగు."

"నీళ్ళొద్దు. సాయంత్రానికి బస్సు ఎక్కిస్తారంట. ఎడారిలో, సరిహద్దు దగ్గర దింపేసి వచ్చేస్తారు. పోయిన వారం తీసుకెళ్ళినవాళ్ళ ఫోన్లు ఇప్పటికీ మోగట్లేదు. నువ్వు స్టేషన్‌కి రా. నేను బయటే ఉంటాను, నువ్వు లోపలికెళ్ళి చెప్పు."

"ఏమని చెప్పమంటావు?"

"ఉన్నదే చెప్పు. మసేని మా ఇంటి మనిషి, మా ఇయాద్‌కి పాలతల్లి, ఆ పిల్ల ఆమె చెల్లెలు అని చెప్పు."

"పోలీసులకి పాల చుట్టరికాలు పట్టవు మసేనీ. కాగితాలు అడుగుతారు."

"మీ అత్తగారు వీధి వీధంతా పిలిచి చెప్పలేదూ? నా బిడ్డ పోయి ఐదు రోజులే అయింది. నీకేమో ఒళ్ళు తెలియని జ్వరం, పాలచుక్క లేదు. నీ కొడుకు గుక్కపట్టి ఏడుస్తుంటే తెచ్చి నా ఒళ్ళో పెట్టారు. ఐదుసార్లు కడుపునిండా తాగాక, ఇక ఈమె కూడా వీడికి తల్లే, ఈమె పిల్లలు వీడికి తోబుట్టువులే అని ఆవిడ చేత్తో ఆవిడే మిఠాయి పంచింది."

"గుర్తుంది. నన్నెవరు మర్చిపోనిచ్చారు గనక?"

"అంటే?"

"ఏం లేదు. కాఫీ పెట్టనా?"

"కాఫీ ఏంటక్కా ఇప్పుడు? మంగళవారం రేడియోలో అంత మాట్లాడావు. ఫోన్ చేసినవాడల్లా 'చట్టం అంటే చట్టమే, పట్టుకుని పంపెయ్యండి' అంటుంటే, 'ఆలివ్ కోతకి వీళ్ళని పిలిచిన రోజు ఏమైంది మీ చట్టం' అని అడిగావు. నేనూ జెనెబా ఒక్క ఫోన్‌కే చెవులు ఆనించి విన్నాం. అది ఏడ్చేసింది కూడా."

"రేడియో వేరు."

"ఏం వేరు?"

"వేల మంది గురించి మాట్లాడటం తేలిక. అంతే."

"నాకు తెలుసులే. ఇది బావగారి పని. నువ్వు ఒప్పుకోకపోయినా సరే."

"లస్సాద్ మాట ఎత్తకు."

"ఎత్తుతాను. కాఫీ హోటల్లో కూర్చుని, మేం తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళం అన్నాడంట. మమ్మల్నందర్నీ ఊడ్చెయ్యాలన్నాడంట. కన్నకొడుకు నా పాలతో బతికాడు. ఏరు దాటాక తెప్ప తగలేయడమంటే ఇదే."

"నోరు పారేసుకుంటాడు, కాదనను. అంతమాత్రాన స్టేషన్‌కెళ్ళి చెప్పే మనిషి కాదు. అయినా ఆయనకి ఆ గది సంగతే తెలీదు."

"ఏ గది?"

"అదే, మా నాన్న నూనె గది. మీరు దాక్కోడానికి తాళం ఇచ్చానే, అది."

"బావగారికి తెలీదా?"

"తెలీదు. తెలిస్తే ఊరుకుంటాడా?"

"మరి పోలీసులు తిన్నగా ఆ గదికే ఎలా వచ్చారక్కా?"

"ఎవరో చూసుంటారు. ఎదురుగా ఆ కొట్టువాడు లేడూ..."

"వాడికి నా పేరే తెలీదు. 'ఏయ్' అని పిలుస్తాడు."

"అద్దెకున్నవాళ్ళ పేర్లు రాయించకపోతే ఇంటివాళ్ళని లోపలేస్తామన్నారు కదా. మీ పాత ఇంటావిడే రాయించి ఉంటుంది."

"ఆవిడ రాయిస్తే పాత ఇంటికి పోతారు. ఇక్కడికెందుకొస్తారు?"

"ఉండు, పొయ్యి మీద కూర మాడుతున్నట్టుంది."

"నువ్వు పొయ్యే వెలిగించలేదక్కా."

"అయితే వెలిగిస్తానుండు. అగ్గిపెట్టె ఎక్కడ పెట్టానో."

"ఆ ఫోటోలో నేను పసుపు గౌను వేసుకుని ఉన్నానంట. పక్కింటి పిల్ల చూసింది. ఒళ్ళో ఎవరో ఉంటే అంత మేరా కత్తిరించేశారంట. ఆ గౌను నేను ఒక్కసారే వేసుకున్నాను, ఇయాద్ పుట్టినరోజుకి. ఫోటో నీ ఫోన్‌తో తీశావు."

"మసేనీ, నా మాట విను."

"ఫోన్ బావగారు తీసుకుని ఉంటాడు. తీసుకున్నాడు కదా? తీసుకున్నాడని ఒక్క ముక్క చెప్పు. నమ్మేస్తాను."

"తీసుకోలేదు."

"అయితే నిన్ను బెదిరించారు. గది ఇచ్చినందుకు జైల్లో పెడతామన్నారు. నువ్వు హడలిపోయి చెప్పేశావు. అంతేనా? మనిషన్నాక భయం ఉంటుందక్కా. దానికి నేనేం అనుకోను. పద, స్టేషన్‌కి పోదాం."

"నన్నెవరూ బెదిరించలేదు. నేనే వెళ్ళి చెప్పాను."

"మరి?"

"ఆదివారం ఇయాద్ మెట్ల మీంచి పడ్డాడు. నెత్తురొచ్చింది. నేను ఎత్తుకుంటే నా మొహం గీరి, తోసేసి, అమ్మ కావాలని ఏడుస్తూ వీధి గుమ్మం దాకా పరిగెత్తాడు. నేనే కదరా అమ్మని అన్నాను. కాదన్నాడు. మసేనీయే అమ్మన్నాడు."